ఇంటిబెంగకు ముప్ఫై అయిదు మార్కులు

బెల్మార దీవిలో వంతెన కడుతున్న కంపెనీవాళ్ల మెస్సులో వంట చేసే అసిరమ్మకు ఒక మంగళవారం పొద్దున, ఉప్మాకి ఎసరు మరుగుతుండగా, ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెకు ఆ భాష రాదు. వెల్డింగు పని చేసే ఢిల్లేసు అప్పటికి అలాంటి ఉత్తరాలు రెండు అందుకుని ఉన్నాడు గనక చూడగానే చెప్పేశాడు. ఆమె తాత్కాలికత నెలాఖరుతో పూర్తవుతున్నది. ఇంకా తాత్కాలికంగా ఉండాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ మాట చెబుతూనే అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఢిల్లేసుకి ఏం చెప్పినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంటి దగ్గర పెళ్లాం ఆడపిల్లని కని నాలుగు నెలలైంది. ఆ పిల్లని అతనింకా ఫోనులో తప్ప చూడలేదు.

అసిరమ్మది సోంపేట పక్కన పల్లెటూరు. నలభై నాలుగేళ్లు. మొగుడు కలప పనికని అండమాన్ వెళ్లి, అక్కడి కలప బాగుందో ఏమో, తిరిగి రాలేదు. పద్దెనిమిదేళ్లు అన్నగారింట్లో పదకొండుగురికి వండిపెట్టి, రుబ్బురోలు పక్కన వసారాలో పడుకుంది. వంతెన కంపెనీలో పనిచేసే నలభైమంది ఉద్దానంవాళ్లు, డబ్బాల్లో వచ్చే చేపల సూపు ఇంకొక్క పూట పోస్తే పని ఆపేస్తామని అడ్డం తిరిగినప్పుడు, కంపెనీ వంటమనిషి కోసం వెతికి ఆమెను పిలిపించింది. ఆరునెలల వీసా ఇచ్చారు. వీసాతో పాటు ఒక గది కూడా ఇచ్చారు. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పైన రేకులు, కిటికీలోంచి సముద్రం. తలుపుకి లోపలివైపు గడియ. వచ్చిన రోజున ఆ గడియ వేసి, తీసి, మళ్లీ వేసి, ఎందుకు వేస్తున్నదో తనకే తెలియకుండా చాలాసేపు అదే పనిగా ఉంది. సిమెంటు ఓడ ఆలస్యమైంది కాబట్టి వంతెన ఇంకా అయిదు నెలలకి గాని పూర్తికాదు. ఆ అయిదు నెలలూ ఆ గదిలో ఉండాలని ఆమెకు గట్టిగా ఉంది.

సరిగ్గా అక్కడే చిక్కొచ్చింది.

బెల్మార చిన్న దేశం. జనం కంటే కొబ్బరిచెట్లు ఎక్కువ, కొబ్బరిచెట్ల కంటే ప్రభుత్వ శాఖలు ఎక్కువ. కొన్నేళ్ల కిందట గడియారం స్తంభం బాగుచెయ్యడానికి మూడు నెలల వీసా మీద వచ్చిన పరదేశి ఒకడు పంతొమ్మిదేళ్లు ఉండిపోయాడు. గడియారం ఆ తరవాత కూడా నడవలేదు. శాసనసభలో దీని మీద నాలుగు రోజులు చర్చ జరిగింది. ఉంటానని అడిగేవాడు ఉండాలనుకుంటున్నవాడు. ఉండాలనుకునేవాడు ఎప్పటికీ వెళ్లడు. కాబట్టి ఉంటానని అడిగేవాడికి పొడిగింపు ఇవ్వకూడదు. వెళ్లిపోవాలని తహతహలాడేవాడే నమ్మకస్థుడు, వాడికే ఇవ్వాలి. ఈ వాదంలో ఎవరికీ తప్పు కనపడక సభ్యులందరూ బల్లలు చరిచారు. తాత్కాలికతా పరిరక్షణ శాఖ పుట్టింది. పొడిగింపు కోరేవాళ్లందరికీ ఇంటిబెంగ పరీక్ష పెట్టారు. నూటికి ముప్ఫై అయిదు వస్తే ఉండవచ్చు. మూడుసార్లు తప్పితే విమానం ఎక్కించేస్తారు.

దరఖాస్తు రుసుము నూట ఇరవై గవ్వలు. అక్కడి నోటు మీద శంఖం బొమ్మ ఉంటుంది గాని మనవాళ్లు దాన్ని గవ్వ అనే పిలుస్తారు. అది కట్టాక ఫొటో కావాలన్నారు. ఆఫీసు ఎదురుగా ఉన్న స్టూడియోలో మామూలు ఫొటో అయిదు గవ్వలు, దిగులు ఫొటో పన్నెండు, కళ్లు చెమర్చిన ఫొటో ఇరవై. అసిరమ్మ అయిదు గవ్వలది తీయించుకుంటే కౌంటరులో గుమాస్తా దాన్ని తిప్పి తిప్పి చూసి, దరఖాస్తుదారు ముఖంలో స్థిరనివాసపు ఛాయలు కనిపిస్తున్నాయని వెనక్కిచ్చాడు. ఇరవైది తీయించుకోక తప్పలేదు. ఫొటోగ్రాఫరు ఆ పైసలకి ఆమె బుగ్గ మీద రెండు చుక్కల గ్లిజరిన్ కూడా వేశాడు.

ఆ తరవాత పెట్టె. వెళ్లిపోవాలని నిజంగా ఉన్నవాడు పెట్టె సర్దుకుని ఉంటాడు కాబట్టి పరీక్షకి సర్దిన పెట్టెతోనే రావాలి. ఇరవై కిలోలకి తగ్గితే చిత్తశుద్ధితో సర్దలేదని అర్థం. అసిరమ్మకున్న సామానంతా కలిపితే ఏడు కిలోలు. గేటు బయట ఒకావిడ రాళ్లు అద్దెకిస్తుంది, కిలోకి గవ్వ. పదమూడు కిలోల రాళ్లు పెట్టెలో వేసుకుని, రెండో అంతస్తులో ఉన్న పరీక్ష గదికి అసిరమ్మ మెట్లెక్కింది. లిఫ్టు ఉంది గాని అది శాశ్వత నివాసులకి మాత్రమే.

పరీక్ష గదిలో ముఖ్య పరిశీలకుడు లుమాకో గారు కూర్చుని ఉన్నారు. నున్నగా దువ్విన తల, మెడ దాకా బొత్తాలు. ఆయన పక్కన దుబాసీ పరబ్రహ్మం గారు. పరబ్రహ్మం గారు ఒకప్పుడు తెనాలిలో తెలుగు మాస్టారు. ఏ గాలికో ఈ దీవికి కొట్టుకొచ్చి, శాఖవారి దగ్గర తెలుగు దుబాసీగా కుదురుకున్నారు. ఆయనకి మాటకి పావు గవ్వ చొప్పున ఇచ్చేది దరఖాస్తుదారే. అందుకని ఆయన నోట చిన్నమాట అనేది రాదు.

గాజుగొట్టం ఒకటి ఆమె చేతికిచ్చారు. కన్నీళ్లు పట్టడానికి. దాని అద్దె మూడు గవ్వలు. లుమాకో గారు తమ భాషలో ఏదో రెండు ముక్కలు అన్నారు. పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, గౌరవనీయులైన ముఖ్య పరిశీలకులవారు తమరిని సాదరంగా, సవినయంగా, నియమ నిబంధనలకు లోబడి అడుగుచున్నదేమనగా, తమరి స్వగ్రామమందు, స్వగృహమందు, స్వజనుల మధ్య గడిపిన దినములలో ప్రతినిత్యం తమరి మనోఫలకంపై మెదలునట్టి, మెదలి బాధించునట్టి, బాధించి కన్నీరు తెప్పించునట్టి విషయమేది అని."

అసిరమ్మ నిజంగానే ఆలోచించింది. "ఏటీ గుర్తు రాదు బాబూ," అంది.

పరబ్రహ్మం గారు దాన్ని లుమాకో గారి భాషలోకి మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. లుమాకో గారు మధ్యలో ఒకసారి గడియారం చూసుకున్నారు. ఆ తరవాత ఆమె ముందు పళ్లెంలో కొబ్బరి మిఠాయి పెట్టారు. బెంగ ఉన్నవాళ్లకి తిండి సహించదు కాబట్టి దానికి పదిహేను మార్కులు. అసిరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది, కళ్లు మూసుకుని నమిలింది, ఇందులో బెల్లం కాకుండా ఇంకేదో వేశారు, ఏమిటో కనుక్కుని చెప్పమని పరబ్రహ్మం గారిని అడిగింది. వేసింది తాటిపాకం అని తెలుసుకునేసరికి ఆమెకు ఎనిమిది గవ్వలైంది.

సాయంత్రం ఫలితాలు గోడకి అంటించారు. అసిరమ్మకు పదకొండు. కన్నీరు సున్నా, ఊరి వర్ణన సున్నా, తిండిపై విముఖత సున్నా, నిట్టూర్పులు పదకొండు. ఆ నిట్టూర్పులు రాళ్ల పెట్టెతో మెట్లెక్కిన ఆయాసం.

అదే రోజు ఢిల్లేసుకి కూడా పరీక్ష జరిగింది. అతను దరఖాస్తు పెట్టలేదు. మంచి వెల్డరు పోతే కష్టమని కంపెనీయే అతని పేరున పెట్టింది, చట్టంలో అందుకు వీలుంది. ఢిల్లేసు గదిలో అడుగుపెట్టడమే ఏడుస్తూ పెట్టాడు. మొదటి గొట్టం నిండింది, రెండోది ఇచ్చారు, అదీ నిండింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు పరిశీలకులని పిలిచి, చూసి నేర్చుకోండని అతని ఎదురుగా కూర్చోబెట్టారు. తనకి పొడిగింపు వద్దనీ, ఇంటికి పంపించెయ్యమనీ కాళ్లావేళ్లా పడ్డాడు. లుమాకో గారు ఎంతో ఆదరంగా, అందుకే ఇస్తున్నామని చెప్పారట. తొంభై ఎనిమిది మార్కులు వేశారు. ఆ మార్కులు చూసి అతను మళ్లీ ఏడిస్తే మరో రెండు కలిపి నూరు చేశారు. మంజూరైన గడువు వాడుకోకుండా వెళ్లిపోతే అది ప్రభుత్వాన్ని అవమానించడం, జరిమానా ఏడాది జీతం. కాబట్టి అతనికి ఇంకో తొంభై రోజులు ఖాయమైపోయాయి.

తప్పినవాళ్లు మళ్లీ రాయడానికి నెల ఆగాలి. ఆ నెలంతా దేశంలో ఉన్నందుకు వారానికి పదిహేను గవ్వలు నిరీక్షణ రుసుము. కౌంటరులో ఆ డబ్బు కడుతున్న అసిరమ్మను పరబ్రహ్మం గారు పక్కకి పిలిచి, ఉచితంగానే, ఒక కాగితం చేతిలో పెట్టారు. సాయంత్రాలు ఆయన తన ఇంట్లో అశ్రుధార కోచింగ్ సెంటర్ నడుపుతున్నారు. ఏడుపు రానివారికి ఏడుపు, వచ్చినవారికి ర్యాంకు అని కాగితం మీద ఉంది. లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్, చివరి వారం క్రాష్ కోర్సు. గోడ నిండా టాపర్ల ఫొటోలు, అందరూ ఏడుస్తూ. అందరికంటే పైన పెద్ద సైజులో ఢిల్లేసు. ఢిల్లేసు ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. ఆ మాటే అసిరమ్మ అడిగితే, ర్యాంకరు ఎక్కడ చదివినా ఫొటో మాత్రం అన్ని సెంటర్లదీ అని పరబ్రహ్మం గారు వివరించారు.

షార్ట్ టర్మ్‌లో చేరింది. క్లాసులో పదహారు మంది. పరబ్రహ్మం గారు దీపం తగ్గించి, మెల్లగా, గొంతు వణికిస్తూ చెప్పేవారు. తొలకరి చినుకులు పడుతున్నాయి, మట్టివాసన వస్తోంది. చుట్టూ ముక్కులు ఎగబీల్చడం వినిపించేది. అసిరమ్మకు మాత్రం వసారా కురిసి పక్క తడిసిపోవడం గుర్తొచ్చేది. తెల్లవారింది, గేదెదూడ అంబా అంటోంది, అనేవారు. ఆమెకు పేడ ఎత్తడం గుర్తొచ్చేది. గుమ్మంలో నీకోసం ఎవరో నిలబడి ఎదురు చూస్తున్నారు, అనేవారు. గుమ్మంలో వదిన నిలబడి కొబ్బరికాయలు లెక్కపెట్టడం తప్ప ఆమె కళ్ల ముందుకి ఇంకేదీ వచ్చేది కాదు. చుట్టూ పదిహేను మంది వెక్కి వెక్కి ఏడుస్తుంటే వీళ్లు పొద్దున్నుంచీ ఏం తిన్నారో ఏమిటోననిపించి, మర్నాటినుంచి జంతికలు చేసి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. క్లాసులో ఏడుపు తగ్గిపోయింది. వారాంతపు స్లిప్ టెస్టులో సగటు పడిపోయిందని పరబ్రహ్మం గారు జంతికలు నిషేధించారు. నిషేధించే ముందు తన వాటా డబ్బాలో పోయించుకున్నారు.

రెండో పరీక్ష రోజున గది బయట కొత్త ఉద్యోగి ఒకడు నిలబడి ఉన్నాడు. అతని పని చేతులు వాసన చూడడం. ఉల్లిపాయ రాసుకుని వచ్చి దొంగ ఏడుపు ఏడుస్తున్నారని శాఖకి ఫిర్యాదులొచ్చాయట. అసిరమ్మ ఆ పొద్దున నలభైమందికి కూర కోసం అయిదు కిలోల ఉల్లిపాయలు తరిగి వచ్చింది. అతను ఆమె చేతులు వాసన చూసి, తుమ్మి, కళ్లు తుడుచుకుని, ఈల ఊదాడు.

ఆమెను లోపలికి తీసుకెళ్లి నిలబెట్టారు. తను వంటమనిషినని, ఉల్లిపాయ లేకుండా కూర ఎలా వండుతానని ఆమె అడిగింది. పరబ్రహ్మం గారు ఉల్లి పుట్టుక నుంచి ఎత్తుకున్నారు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి భోజనాల వేళైంది. లుమాకో గారు లేచి నిలబడి తీర్పు చదివారు. అక్రమ సాధనాలతో విషాదాన్ని సృష్టించే ప్రయత్నం రుజువైనందున పరీక్ష రద్దు, జరిమానా యాభై గవ్వలు, ఇక మిగిలింది ఒకే ఒక్క అవకాశం. విషాదం సృష్టించడానికి తను ఇంకా ఏడవనైనా లేదు గదా అని అసిరమ్మకు అనిపించింది గాని, ఆ మాటకి మళ్లీ ఎన్ని గవ్వలవుతుందోనని ఊరుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మెస్సు వెనక నీడలో కూర్చుని ఆమె కొబ్బరి కోరుతుంటే ఢిల్లేసు వచ్చి పక్కన కూలబడ్డాడు. కంపెనీ అతని పేరున మళ్లీ దరఖాస్తు పెట్టింది, ఈ గడువు ఇంకా పూర్తికాకుండానే. అతనికి తెలిసి కళాసీల్లో ఒకాయన ఇలా ఏడ్చి ఏడ్చి నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. అతను చెబుతూ ఏడుస్తున్నాడు. అసిరమ్మ కోరడం ఆపి అతని ముఖం చూసింది. ఆమె బళ్లో చదువుకున్నది తక్కువే గాని, కుండలో ఉప్పెక్కువైతే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి.

"నువ్వు ఏడిసినన్నాళ్లూ ఆళ్లు నిన్నొదలరు. నాను ఏడవనన్నాళ్లూ ఆళ్లు నన్నుంచరు," అంది. "లెక్క తిరగేసి ఉన్నాది తమ్ముడా. మనమే తిరగేసుకోవాల."

ఢిల్లేసు ముక్కు తుడుచుకున్నాడు. వాళ్లవైపు అక్కని అప్ప అంటారు. "ఎలగప్పా?" అన్నాడు.

ఎలాగో ఆమె చెప్పింది. ఫలితాల గోడ మీద అంటించిన నిబంధనలు ఎవరి చేతనో చదివించుకుని వచ్చింది. సున్నా మార్కులు వచ్చినవాడు సంపూర్ణ సంతృప్తుడు. అటువంటివాడు వేరు తన్నితే పెకలించడం కష్టం కనుక, ఉన్న పొడిగింపులన్నీ రద్దు చేసి, ఆ రోజు విమానంలోనే, ప్రభుత్వ ఖర్చుతో పంపెయ్యాలి. ఇంతవరకూ ఆ నిబంధన వాడే అవసరం రాలేదు. సున్నా ఎవరికీ రాలేదు.

ఢిల్లేసుకి సంతోషం నేర్పడం మొదలైంది. అంట్లు తోమాక అసిరమ్మ గరిటె పట్టుకుని లుమాకో గారిలా కూర్చునేది. అతను ఎదురుగా నిలబడి, నాకిక్కడ బాగున్నాది అనాలి. నాకిక్కడ, అనేదాకా బాగానే వచ్చేది. తరవాత వచ్చేది ఏడుపే. నవ్వమంటే పళ్లు బయటపెట్టి ఏడ్చేవాడు. ఒకరోజు సాంబారు కలుపుతూ అభ్యాసం చేశాడు, ఆ పూట సాంబారులో ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది. ఇటు అతను ఆమెకు ఏడుపు నేర్పబోయాడు. తనకి ఏడుపు తన్నుకొచ్చే సంగతులన్నీ ఒకదాని తరవాత ఒకటి చెప్పాడు. ఆమె చెంగుతో అతని కళ్లు తుడిచింది. ఆమె కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

పరీక్ష ఇద్దరికీ ఒకేరోజు పడింది. పొద్దున్నే చెరో పదమూడు కిలోల రాళ్లు అద్దెకి తీసుకుని, పెట్టెలు మోసుకుని వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ముందు ఢిల్లేసు. పేరు పిలవగానే అతని పెదవి వణకడం మొదలైంది. ఇంకొక్క క్షణమైతే గొట్టం కావాల్సొస్తుంది. అసిరమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"పాపకి పేరేటెట్టినారు?"

"ఇంకా ఎట్టలేదప్పా. నానొచ్చేదాకా ఆపినారు."

"అయితే లోపలికెల్లి ఏడవా ఒద్దు, నవ్వా ఒద్దు. పేరొకటి ఆలోసించు."

ఢిల్లేసు లోపలికి వెళ్లాడు. తలుపు సందులోంచి అసిరమ్మకు అంతా కనిపించింది. అతను కుర్చీలో కూర్చున్నాడు. గొట్టం చేతిలో పెట్టారు. దాన్ని పట్టుకుని, పైకప్పు వంక చూస్తూ, పెదవులు కదుపుతూ ఏవో పేర్లు అనుకుంటున్నాడు. ఒక పేరు దగ్గర ఆగాడు. బాగులేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇంకో పేరు దగ్గర ముఖం మెల్లగా విచ్చుకుంది. లుమాకో గారు ముందుకి వంగారు. మిఠాయి పళ్లెం పెడితే చూడకుండానే ఒకటొకటిగా అంతా తినేశాడు. ఊరి సంగతి అడిగితే, ఏ ఊరని ఎదురడిగాడు. ఇక్కడ సముద్రం బాగుందన్నాడు, గాలి బాగుందన్నాడు, వంతెన దిగేచోట టీ కొట్టు పెట్టుకుని ఇక్కడే బతికేస్తానన్నాడు. పరబ్రహ్మం గారు దాన్ని తర్జుమా చేస్తుంటే, పాత గుమాస్తా ఒకాయన కుర్చీలోంచి లేచి కిటికీలు మూశాడు. ఈ సంతృప్తి బయటికి పొక్కితే ప్రమాదమని ఆయన భయం.

సున్నా వేశారు. ఆ సున్నా వెయ్యడానికి పై అధికారి సంతకం కూడా తెప్పించారు. ఇద్దరు గార్డులు రెండు వైపులా చేతులు పట్టుకుని, తిన్నగా విమానాశ్రయానికే తీసుకుపోవడానికి అతన్ని బయటికి తెచ్చారు. ఢిల్లేసు ఇప్పుడు నిజంగా నవ్వుతున్నాడు, ఆపుకోలేకపోతున్నాడు. నవ్వినకొద్దీ గార్డులు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అసిరమ్మ ముందుకొచ్చేసరికి కాళ్లు నిలదొక్కుకుని ఆగాడు.

"అప్పా, పాపకి నీ పేరెట్టనా?"

"ఒద్దు నాయనా. అసిరమ్మని ఎడితే దానికి జనానికి వండడమే సరిపోద్ది. మంచి పేరెట్టు."

అతన్ని మెట్ల మీదుగా దించుకుపోయారు. పదమూడు కిలోల రాళ్లూ కూడా అతనితోనే వెళ్లిపోయాయి, తీసెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు.

తరవాత పేరు అసిరమ్మది. వెళ్లి కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. లుమాకో గారు ఇందాకటి షాకులోంచి పూర్తిగా తేరుకోలేదు, ఒక గ్లాసు నీళ్లు తాగి ప్రశ్న వేశారు. పరబ్రహ్మం గారు మామూలుగా మొదలుపెట్టి, స్వగ్రామమందు, స్వగృహమందు, అంటూ సాగారు. ఆ స్వగృహం అన్న మాట దగ్గర అసిరమ్మ ఆగిపోయింది. ఈరోజు ముప్ఫై అయిదు రాకపోతే సాయంత్రానికి గది తాళం కంపెనీ గుమాస్తాకి ఇచ్చెయ్యాలి. కిటికీ ఊచకి కట్టిన బట్టల తాడు విప్పాలి. చీకట్లో ఎవరైనా వస్తారేమోనని నిద్రలో కూడా ఒక చెవి తెరిచి పెట్టుకునే మనిషి, ఈ ఎనిమిది నెలలూ రెండు చెవులూ మూసుకుని నిద్రపోయింది. మళ్లీ రుబ్బురోలు పక్కన ఒక చెవితో పడుకోవాలి. అలా అనుకుంటుండగానే ఆమె చేతిలో గొట్టం తడిగా తగిలింది. ఏమిటా అని చూసుకుంది. అవి తనవే.

ఆమెకు ఏడవడం అలవాటు లేదు గనక ఎలా ఆపాలో కూడా తెలియలేదు. పద్దెనిమిదేళ్ల సరుకు ఒక్కసారిగా వచ్చింది. లుమాకో గారు కలం కింద పెట్టి, నెమ్మదిగా, ఎందుకు ఏడుస్తున్నదో అడగమన్నారు. అబద్ధం చెప్పాలని ఆమెకు తోచలేదు.

"నా గది బాబూ," అంది. "లోపలికి గడియున్న గది. నా బతుక్కి అదొక్కటే దొరికినాది. ఒదిలిపొమ్మంటారేమోనని ఏడుస్తన్నాను."

ఆ మాటలు ఉన్నవున్నట్టు చెబితే ఆమె పని అయిపోయినట్టే, ఉండాలని ఏడ్చినవాళ్లకి ఆ చట్టంలో చోటు లేదు. చెప్పకపోతే పరబ్రహ్మం గారి ఉద్యోగం పోతుంది. ఆయన కళ్లద్దాలు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన గొంతు సవరించుకోకుండా మాట్లాడడం ఆ గదిలో అదే మొదటిసారి. లుమాకో గారి వైపు తిరిగి వాళ్ల భాషలో ఒకే ఒక్క మాట అన్నారు. ఆ మాట అసిరమ్మకు కూడా తెలుసు, మార్కెట్టుకి పోయి వచ్చేటప్పుడు బస్సువాడు టిక్కెట్టు ఇస్తూ రోజూ ఆ మాటే అడుగుతాడు.

ఇల్లు, అన్నారు.

పావు గవ్వ.

లుమాకో గారు తల పంకించారు. కన్నీరు నలభైకి నలభై, నిట్టూర్పులు ఇరవైకి ఇరవై. తిండి పళ్లెం చూపించే ప్రసక్తే లేకుండా దానికి పదిహేను. ఊరి వర్ణన ఒక్కమాటే అయినా సంక్షిప్తత మెచ్చుకుని పద్దెనిమిది. తొంభై మూడు. ఇంతటి బెంగ ఉన్న మనిషిని దేశం కాదనదని ఆయన లేచి చెప్పారు. పరబ్రహ్మం గారు దాన్ని తెలుగులో ఇరవై అయిదు నిమిషాలపాటు చెప్పి, కోల్పోయినదంతా రాబట్టుకున్నారు. వెళ్లేటప్పుడు, ఆమె ఫొటో తన సెంటర్లో పైన పెట్టుకోవచ్చునా అని మెల్లగా అడిగారు. పెట్టుకోమంది.

కింద కౌంటరులో మంజూరు పత్రం ఇచ్చారు. ముద్ర వేసినందుకు ముప్ఫై గవ్వలు, ముద్ర ఆరినందుకు అయిదు. తొంభై రోజుల పొడిగింపు. అసిరమ్మ పత్రం నుదుటికి తాకించుకుని, గడువు ఎప్పటిదాకా అని అడిగింది. గుమాస్తా వేలితో చూపించాడు. తొంభై రోజులూ దరఖాస్తు పెట్టిన నాటినుంచి లెక్క. ఈరోజుకి ఎనభై ఏడు రోజులైంది.

అంటే మూడు రోజులు. మరి ఈ ఎనభై ఏడు రోజులకీ వారం వారం నిరీక్షణ రుసుము కట్టాను గదా అని సైగలతో, వచ్చిన నాలుగు ముక్కలతో అడిగింది. గుమాస్తా ఓపికగానే చెప్పాడు. అది ఎదురు చూసినందుకు, ఇది ఉన్నందుకు. కొత్త దరఖాస్తులు పక్క కిటికీలో. ఈ రోజే పెట్టుకుంటే మంచిది, రేపటినుంచి రుసుము పెరుగుతుంది.

ఆమె పక్క కిటికీకి వెళ్లి నూట ఇరవై గవ్వలూ కట్టింది. కొత్త రసీదు తీసుకుని, పాత పత్రం దానికి జతచేసి మడిచి, ఆవరణ దాటుతుండగా, కడుపులో ఎక్కడో నవ్వు మొదలైంది. ముందు ఢిల్లేసు రాళ్ల పెట్టె గుర్తొచ్చింది. ఇంటి గుమ్మంలో వాడు పెట్టె విప్పడం, పెళ్లాం ఆత్రంగా తొంగిచూడడం, లోపల పదమూడు కిలోల బెల్మార రాళ్లు. ఆ తరవాత మూడు రోజులు గుర్తొచ్చాయి. నవ్వు ఆగేలా లేదు. శాఖ ఆవరణలో నవ్వడం స్థిరనివాస లక్షణం, గోడ మీద రాసే ఉంది. చెంగు ముఖానికి అడ్డంపెట్టుకుంది, రెండు చేతులతో గట్టిగా అదిమింది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. గొంతులోంచి ఒక రకమైన మూలుగు వస్తోంది.

గేటు దగ్గర గార్డు చూశాడు. గౌరవంగా లేచి నిలబడి టోపీ తీశాడు. జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసి, చింపి, ఆమె చేతిలో పెట్టాడు. పరీక్ష ముగిసిన తరవాత కూడా ఎవరి బలవంతమూ లేకుండా ఏడ్చినందుకు అయిదు మార్కులు. వచ్చే పరీక్షలో కలుపుకోవచ్చు.

ఆ చీటీకి రుసుము రెండు గవ్వలు. చెంగు తియ్యకుండానే కొంగుముడి విప్పి ఇచ్చి, ముప్ఫై తొమ్మిది మందికి ఎసరు పెట్టడానికి అసిరమ్మ బస్సెక్కింది.